నిశ్శబ్దానికి ప్రథమ శ్రేణి

దూరశ్రవణ మండలి వారి కొత్త రేడియోను ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకు ఆన్ చేశారు. పచ్చదీపం వెలిగింది. తెర మీద ‘స్వాగతం’ అని వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

స్టాలు ముందు కుర్చీల్లో నలభై మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళు రేడియో వంక చూశారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మండలి సంచాలకులు డాక్టర్ విశ్వభూషణరావుగారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి మిగతావాళ్ళూ కొట్టారు. వెనకాల స్టూలు మీద కూర్చున్న గేదెల అప్పలనరసయ్య కొట్టలేదు. అతని చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

విశాఖపట్నంలో ఆ నవంబరులో పెట్టిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో మండలిది ముప్పై ఏడో నంబరు స్టాలు. ఒక పక్క మిక్సీలు, ఇంకో పక్క మసాజు కుర్చీలు, మధ్యలో శుద్ధశ్రవణి. ఇది డిజిటల్ షార్ట్‌వేవ్ రిసీవరు. షార్ట్‌వేవ్ తరంగం ఆకాశంలో పైపొరను తాకి కిందికి దిగుతుంది. కొండలు దాటుతుంది, సముద్రాలు దాటుతుంది, దారిలో దొరికిన గరగరనంతా వెంటబెట్టుకుని వస్తుంది. డిజిటల్ అయితే ఆ గరగర ఉండదు. వస్తే పక్కన కూర్చుని మాట్లాడినట్టు వస్తుంది. రాకపోతే అసలే రాదు. శుద్ధశ్రవణి విషయంలో ఈ రెండోదే జరుగుతోంది. డిజిటల్‌లో ప్రసారం చేసే ట్రాన్స్‌మిటరు మండలి దగ్గర లేదు.

లేకపోవడానికి కారణం ఉంది. వినేవాళ్ళు ఉన్నట్టు రుజువు లేకుండా ప్రసారం చేస్తున్నారని ఎనిమిదేళ్ళ కిందట ఆడిట్ వారు అభ్యంతరం పెట్టారు. అప్పటినుంచి మండలి క్రమం మార్చుకుంది. ముందు రిసీవర్లు తెప్పిస్తారు. అవి బాగా వింటున్నాయని నివేదిక వచ్చాక ట్రాన్స్‌మిటరుకు అనుమతి ఇస్తారు.

ఈ సంగతి తెలిసిన రోజున నరసయ్య ఒక్క ప్రశ్న అడిగాడు.

“అవి ఏం వింటాయండీ?”

“అది రెండో దశలో వస్తుంది,” అన్నారు సంయుక్త సంచాలకురాలు ఇందుమతిగారు.

నరసయ్య మండలిలో సీనియర్ టెక్నీషియన్. భీమిలి రోడ్డులో సముద్రం కనబడే మెట్ట మీద మండలికి పాత షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరు ఒకటి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా దాన్ని నడుపుతున్నది అతనే. దాని పని రోజుకు పది నిమిషాలు. సాయంత్రం అయిదున్నరకు మత్స్యకారుల వాతావరణ వార్తలు. చదివేది హైమావతి. ఆమె ఉద్యోగం టైపిస్టు. అనౌన్సరు రిటైరై పదకొండేళ్ళయింది, కొత్తవారు వచ్చేదాకా చదవమన్నారు, ఆమె చదువుతూనే ఉంది.

ఒడ్డు దాటి పది మైళ్ళు పోతే సెల్‌ఫోన్లు పలకవు. చిన్న బోట్లలో వైర్‌లెస్ సెట్లు ఉండవు. ముప్పై, నలభై మైళ్ళ అవతల వేట చేసేవాళ్ళకు గాలి వస్తోందని చెప్పే గొంతు హైమావతిది ఒక్కటే.

ప్రదర్శనలో మూడు రోజులపాటు పాత రేడియోనూ కొత్త రేడియోనూ పక్కపక్కన పెట్టి పోల్చాలని మండలి తీర్మానించింది. పోలికలో ఓడినదాన్ని నాలుగో రోజున మూసేస్తారు. పాత రేడియోను మూయడమంటే మెట్ట మీది ట్రాన్స్‌మిటరును మూయడమే. ఆ పోలిక చేసి సంతకం పెట్టే పని నరసయ్యకు పడింది. ‘అనుభవజ్ఞులైన సిబ్బంది సేవలను వినియోగించుకొనుట’ అని ఉత్తర్వులో రాశారు.

ప్రారంభోత్సవం అయిన వెంటనే ఇందుమతిగారు అతని ముందు ఒక ఫారం పెట్టారు.

షార్ట్‌వేవ్ వాళ్ళకు ఏ దేశంలోనైనా తెలిసిన ఫారమే అది. అయిదు గడులు. బలం, ఆటంకం, రొద, ఊగిసలాట, మొత్తం. ఒక్కో గడికి ఒకటి నుంచి అయిదు మార్కులు. గొంతు గట్టిగా వినబడితే బలానికి అయిదు. పక్క స్టేషను వచ్చి మీద పడకపోతే ఆటంకానికి అయిదు. గరగర లేకపోతే రొదకు అయిదు. గొంతు పెరుగుతూ తరుగుతూ రాకుండా నిలకడగా ఉంటే ఊగిసలాటకు అయిదు. చివరిది మొత్తం మీద ఎలా ఉందో చెప్పే గడి. అసలేమీ వినబడకపోతే ఈ ఫారం ఎవరూ నింపరు. పక్కన పడేసి స్టేషను రాలేదంటారు.

“ఇది నింపడానికి లేదండి. ఏమీ వినబడలేదు కదా,” అన్నాడు నరసయ్య.

“వినబడలేదని నింపండి.”

“అలా నింపరండి.”

“నరసయ్యగారూ, ఖాళీ ఫారాన్ని ఫైల్లో పెట్టే పద్ధతి మండలిలో లేదు.”

నరసయ్య అబద్ధం రాసే మనిషి కాదు. గడి గడికీ నిజం రాశాడు. బలం, ఒకటి. ఆటంకం ఏమైనా ఉందా? లేదు. అయిదు. రొద ఉందా? లేదు. అయిదు. ఊగిసలాట ఉందా? ఊగడానికి ఏదీ లేదు. అయిదు. మొత్తం మీద, ఒకటి. సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆ రెండు ఒకట్లూ చూసినవాళ్ళకు సంగతి అర్థమవుతుందని అనుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో అతను చేసిన తప్పు ఇదొక్కటే.

విశ్వభూషణరావుగారు ఒకట్ల వైపు చూడలేదు. కూడిక వేశారు.

“ఇరవై అయిదుకు పదిహేడు. నూటికి అరవై ఎనిమిది. అంటే ప్రథమ శ్రేణి! ఇందుమతిగారూ, ప్రసారం లేకుండానే ప్రథమ శ్రేణి వచ్చిందంటే, ప్రసారం ఉంటే ఎంత వచ్చేదో!”

“ఊహించలేం సార్,” అన్నారు ఇందుమతిగారు.

సాయంత్రం అయిదున్నరకు పాత రేడియో వంతు వచ్చింది. ఆ హాల్లో మూడువందల ఎల్ఈడీ దీపాలు, వంద చార్జర్లు, పక్క స్టాల్లో తిరుగుతున్న మిక్సీలు. వీటన్నిటి గరగరా పాత రేడియో పట్టుకుంది. దాని మధ్యలోంచి, మెట్ట మీద తనే స్విచ్చి నొక్కి చదువుతున్న హైమావతి గొంతు వచ్చింది. “అండమాన్ సమీపంలో ఏర్పడిన అల్పపీడనం...” అంటుంటే చైనా స్టేషనొకటి అడ్డం వచ్చి వెళ్ళింది. అల్పపీడనం ఎటు కదులుతోందో, గాలి ఎంత వేగమో నరసయ్యకు స్పష్టంగా తెలిసింది. గడులు మాత్రం గడులే. మూడు, రెండు, రెండు, రెండు, మూడు. నూటికి నలభై ఎనిమిది.

“తృతీయ శ్రేణి,” అన్నారు విశ్వభూషణరావుగారు. ఆ మాట ఆయన బాధగానే అన్నారు.

నరసయ్య మసాజు కుర్చీల వెనక్కి పోయి హైమావతికి ఫోను చేశాడు.

“మనకు నలభై ఎనిమిది వచ్చిందమ్మా.”

“నలభై ఎనిమిది ఏమిటి?”

“మార్కులు. కొత్త రేడియోకి అరవై ఎనిమిది.”

“ఏం మాట్లాడిందేంటి అది?”

“ఏమీ మాట్లాడలేదు.”

“అయితే మా ఆయనకు కూడా అరవై ఎనిమిది వెయ్యొచ్చు,” అంది హైమావతి. “నిజంగా మూసేస్తారా నరసయ్యగారూ?” అని అడిగింది.

“ఇంకా రెండు రోజులుంది,” అన్నాడు నరసయ్య.

రెండో రోజుకు ముప్పై ఏడో స్టాలు ముందు జనం చేరారు. ఆ హాల్లో చప్పుడు చేయని వస్తువు అదొక్కటే కావడం కూడా ఒక కారణం. ఇందుమతిగారు వచ్చినవాళ్ళ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తున్నారు.

రిటైరైన లెక్చరరు ఒకాయన మూడు నిమిషాలు విని హెడ్‌ఫోన్లు తీశాడు.

“ఏమీ వినబడటం లేదమ్మా.”

“అవును సార్. ఎంత స్పష్టంగా వినబడటం లేదో గమనించారా?”

ఆయన మళ్ళీ పెట్టుకుని గమనించాడు. “నిజమే. మా పాత సెట్టులో వినబడకపోవడం కూడా సరిగ్గా వినబడేది కాదు,” అన్నాడు.

ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని పది నిమిషాలు కదల్లేదు.

“ఏటండీ, లేవండి. ఏం వస్తోంది అందులో?”

“నువ్వు రావడం లేదు,” అన్నాడతను. ఒక సెట్టు బుక్ చేశాడు.

మధ్యాహ్నానికి ఒక ధ్యాన కేంద్రం వారు నలభై అడిగారు. ఒక ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు హాస్టలు గదికొకటి చొప్పున కావాలన్నాడు. మిగతా రేడియోల వల్ల పిల్లలు చెడిపోతున్నారని, ఇది అలా చెడగొట్టదని అన్నాడు. సందర్శకుల పుస్తకంలో ఒకరు ‘వార్తలు చాలా నిష్పక్షపాతంగా ఉన్నాయి’ అని రాసి వెళ్ళారు. విశ్వభూషణరావుగారు ఆ వాక్యాన్ని పత్రికలకు పంపారు.

అయితే ఆయనకు ఒక వెలితి ఉండిపోయింది. బలం గడిలో ఉన్న ఒకటి. అంత బాగున్న రేడియోకి ఒక్క గడిలో ఒక్క మార్కేమిటి? మధ్యాహ్నం భోజనాల దగ్గరే ముగ్గురు సభ్యులతో నిపుణుల సంఘం వేశారు. భోజనాలయ్యే సరికి నివేదిక వచ్చింది. ఇందుమతిగారు దాన్ని నరసయ్యకు చదివి వినిపించారు.

“‘లేని సంకేతము బలహీనమైనదని చెప్పుట తర్కవిరుద్ధము. కావున బలము అను అంశము వర్తించదు. వర్తించని అంశమును లెక్కలో చేర్చరాదు. మొత్తము అను గడి తక్కిన గడులపై ఆధారపడును కావున దానికి అయిదు ఇవ్వదగును.’ ఇప్పుడు లెక్క వేయండి నరసయ్యగారూ.”

“ఇరవైకి ఇరవై,” అన్నాడు నరసయ్య.

“నూటికి నూరు,” అన్నారు విశ్వభూషణరావుగారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ముప్పై ఏళ్ళ సర్వీసులో నూటికి నూరు నేనెప్పుడూ చూడలేదు.”

సమానత్వం కోసం పాత రేడియోకి కూడా బలం గడి తీసేశారు. దానికి కాస్తో కూస్తో మార్కులొచ్చిన గడుల్లో అదొకటి. నలభై ఎనిమిది కాస్తా నలభై అయిదయింది.

నాలుగు గంటలకు కారి దానయ్య వచ్చాడు. నరసయ్యకు పాతికేళ్ళుగా తెలిసిన మనిషి. మెట్ట కింద పేటలో ఇల్లు, ఒక ఫైబరు బోటు, దాని మీద అయిదుగురు. చేతిలో పాలిథిన్ సంచి, అందులో రేడియో. ఉప్పుగాలి తగలకుండా దానికి తువ్వాలు కూడా చుట్టాడు.

“నరసయ్య బాబూ, నీ మిసను మూసెత్తన్నారని పేటలో సెప్పుకుంతన్నారు. నిజవేనా?”

“ఇంకా తేలలేదు దానయ్యా. వేటకెప్పుడు?”

“రేపు తెల్లారగట్ల. నాలుగు రోజులు. గాలెలాగుంది?”

“అండమాన్ దగ్గర అల్పపీడనం ఉంది. ఎటు తిరుగుతుందో ఎల్లుండికి గాని తెలీదు.”

“తెలిత్తే సెప్పు. సాయంత్రం ఆ గరగర యింటే సాలు మాకు.” దానయ్య శుద్ధశ్రవణి వైపు చూశాడు. “ఇదేటి? ఇందులో గాలి కబురు వత్తాదా?”

విశ్వభూషణరావుగారికి సామాన్య శ్రోతలతో ముఖాముఖి మాట్లాడటం ఇష్టం. ముందుకు వచ్చారు.

“ఇందులో అంతకంటే మించిన సౌకర్యం ఉంది. పాత ట్రాన్స్‌మిటరు గత మూడేళ్ళలో రెండుసార్లు తప్పుడు హెచ్చరిక ఇచ్చింది. గాలి వస్తుందంది, రాలేదు. శుద్ధశ్రవణి ఇంతవరకు ఒక్క తప్పుడు హెచ్చరిక కూడా ఇవ్వలేదు. ఇవ్వదు కూడా.”

దానయ్య రేడియో సంచి చంకలో పెట్టుకున్నాడు.

“అలగైతే మా మావ దీనికన్నా మంచోడు బాబూ. ఆడు పోయి పదేళ్ళయింది. ఒక్క అబద్దవాడితే ఒట్టు.”

“చూశారా, విశ్వసనీయత విలువ ప్రజలకు తెలుసు,” అన్నారు విశ్వభూషణరావుగారు ఇందుమతిగారితో. దానయ్య చేత సందర్శకుల పుస్తకంలో వేలిముద్ర వేయించుకోబోతే, అతను తనకు సంతకం వచ్చని చెప్పి సంతకమే పెట్టాడు.

వెళ్ళబోతూ నరసయ్యను పక్కకు పిలిచాడు.

“బాబూ, ఆయన సదువుకున్నోడు, ఏదో సెప్పాడు. నువ్వు సెప్పు. ఎల్లుండి సాయంత్రం ఆయమ్మ గొంతు వత్తాదా, రాదా? రాదంటే నేను బోటు తియ్యను. ఇంటికాడ పిల్లలకేటి పెట్టాలో అది ఏరే సంగతి.”

“వస్తుంది. నువ్వు వెళ్ళు,” అన్నాడు నరసయ్య.



మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి హైమావతి ఫోను చేసింది. వాతావరణ కేంద్రం నుంచి కాగితం వచ్చింది. అల్పపీడనం వాయుగుండం కాబోతోంది. మన వైపే తిరిగేలా ఉంది. బోట్లను ఎప్పుడు వెనక్కి రమ్మనాలో రేపు సాయంత్రానికి తేలుతుంది. రేపంటే నాలుగో రోజు. అంటే ట్రాన్స్‌మిటరు మూసే రోజు.

నరసయ్య రెండు గంటలసేపు స్టూలు మీద కూర్చుని పాత రేడియోను చూశాడు. దానికి నూటికి నూరు ఎలా తెప్పించాలి? ఏరియల్ మార్చవచ్చు. ఎత్తు పెంచవచ్చు. మిక్సీల వాళ్ళను పది నిమిషాలు ఆపమని బతిమాలవచ్చు. ఎంత చేసినా గొంతు వస్తే గరగర వస్తుంది. గరగర వస్తే మార్కులు పోతాయి. ఏమీ రాకపోతేనే మార్కులు.

ఇక్కడికి వచ్చేసరికి అతనికి దారి కనబడింది.

అయిదున్నరకు విశ్వభూషణరావుగారు, ఇందుమతిగారు ఫారాలతో వచ్చి నిలబడ్డారు. నరసయ్య పాత రేడియో సౌండు బటను ఎడమ వైపుకు తిప్పాడు. ఆఖరున టక్కుమని ఆఫ్ అవుతుంది, దానికి వెంట్రుక వాసి ముందు ఆపాడు. రేడియో దీపం వెలుగుతూనే ఉంది. చప్పుడు లేదు. అవతల మెట్ట మీద హైమావతి చదువుతూనే ఉంది. ముప్పై మైళ్ళ అవతల దానయ్య వింటూనే ఉన్నాడు. స్టాల్లో మాత్రం ఏమీ వినబడలేదు.

విశ్వభూషణరావుగారు చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఇందుమతిగారికి ఇచ్చారు. ఆమె విని తిరిగి ఇచ్చారు.

“ఆటంకం?”

“లేదు సార్.”

“రొద?”

“లేదు సార్.”

“ఊగిసలాట?”

“బొత్తిగా లేదు సార్.”

నరసయ్య ఫారం నింపాడు. అయిదు, అయిదు, అయిదు, అయిదు. నూటికి నూరు. సమానం. సమానమైతే ఓడినదంటూ ఉండదు. ఓడినది లేకపోతే మూసేది ఉండదు. ఫారం ఇందుమతిగారికి ఇచ్చాడు.

విశ్వభూషణరావుగారు అటూ ఇటూ రెండుసార్లు నడిచారు.

“నరసయ్యగారూ, నిన్నటికి నలభై అయిదు. ఇవాళ నూరు. మధ్యలో ఏం జరిగింది?”

“చిన్న సర్దుబాటు చేశానండి.”

“ఏమిటో చెప్పనవసరం లేదు. నాకర్థమైంది. ప్రసారం ఆపారు.” ఆయన నరసయ్య భుజం మీద చేయి వేశారు. “ఇన్నాళ్ళూ మనం పాత ట్రాన్స్‌మిటరును అనవసరంగా తక్కువ చేశాం ఇందుమతిగారూ. దానిలో దోషం లేదు. ప్రసారంలో ఉంది. ప్రసారం తీసేస్తే అది శుద్ధశ్రవణితో సమానం.”

“అద్భుతమైన పరిశీలన సార్.”

“దాన్ని మూయం. సిబ్బంది ఉంటారు, కరెంటు ఉంటుంది, నిర్వహణ ఉంటుంది. రేపటినుంచి ప్రసారం మాత్రం ఉండదు.”

నరసయ్య పాత రేడియోను చేతిలోకి తీసుకున్నాడు.

“సార్, నేను ప్రసారం ఆపలేదండి. సౌండు తగ్గించాను. ఇదిగో, ఈ బటను.”

“వినయం మంచిదే. అతి వద్దు.”

“సార్, రేపు వాయుగుండం కబురు చెప్పాలి. బోట్లు సముద్రంలో ఉన్నాయి.”

విశ్వభూషణరావుగారు నెమ్మదిగా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. “ఒడ్డు మీద ఉన్నంతసేపు వారు మన శ్రోతలు. సముద్రంలోకి వెళ్ళాక వారు మత్స్యశాఖ పరిధిలోకి వస్తారు. పరిధులు దాటితే పాలన ఉండదు. రేపు సాయంత్రం నేనే వచ్చి నిశ్శబ్దాన్ని స్వయంగా తనిఖీ చేస్తాను.”

ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని నరసయ్య తినలేదు. అతని భార్య అడిగితే ఏమీ లేదన్నాడు. దానయ్యకు అతను మాట ఇచ్చాడు. ఆ మాట మీద అయిదుగురు బయల్దేరి వెళ్ళారు.

నాలుగో రోజు పదకొండింటికి ఉత్తర్వు మెట్ట మీదికి వచ్చింది. ఏడు పేరాలు. హైమావతి దాన్ని ఒకసారి చదివి బల్ల మీద పడేసింది. వాతావరణ కేంద్రం కాగితం పక్కనే ఉంది. వాయుగుండం తిరిగింది. రేపు మధ్యాహ్నానికి తీరం దగ్గరికి వస్తుంది.

“ఇప్పుడేం చేద్దాం?” అంది. “స్విచ్చి నొక్కితే ఉద్యోగాలు పోతాయి. నొక్కకపోతే వాళ్ళు పోతారు. నాకు ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. నొక్కమంటే నొక్కుతాను, అది వేరే సంగతి.”

నరసయ్య ఉత్తర్వు చదివాడు. మళ్ళీ చదివాడు. మూడోసారి నాలుగో పేరా దగ్గర ఆగాడు.

“ఇది చదవండమ్మా.”

హైమావతి పైకి చదివింది. “‘ప్రసారము జరుగుచున్నదా లేదా అను విషయమును మండలి ఆమోదించిన శుద్ధశ్రవణి రిసీవరు ద్వారా మాత్రమే నిర్ధారించవలెను. ఇతర రిసీవర్ల సాక్ష్యము చెల్లదు. కార్యాలయములోని పాత రిసీవర్లను తక్షణమే వాపసు చేయవలెను.’ అయితే?”

“శుద్ధశ్రవణి డిజిటల్ తప్ప వినదు. మనది డిజిటల్ కాదు.”

హైమావతి కాగితం కింద పెట్టింది. మళ్ళీ పైకి తీసింది. “అంటే మనం వాళ్ళ చెవిలో అరిచినా...”

“మండలికి వినబడదు.”

అయిదుంబావుకు మండలి కారు మెట్ట ఎక్కింది. విశ్వభూషణరావుగారు, ఇందుమతిగారు, ఇద్దరి చేతుల్లో రెండు శుద్ధశ్రవణులు. వాటిని బల్ల మీద పెట్టి ఆన్ చేశారు. రెండు పచ్చదీపాలు వెలిగాయి.

అయిదున్నరకు నరసయ్య స్విచ్చి నొక్కాడు. ట్రాన్స్‌మిటరు గుర్రుమంది. సూదులు పైకి లేచాయి. అద్దం అవతల గదిలో ఎర్రదీపం వెలిగింది, హైమావతి కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది.

“ఇదేమిటి?” అన్నారు విశ్వభూషణరావుగారు.

“ట్రాన్స్‌మిటరండి. ఆన్ చేశాను. నిర్వహణ ఆపవద్దని మూడో పేరాలో ఉంది.”

“ఆవిడ ఏం చదువుతున్నారు?”

“వాయుగుండం హెచ్చరికండి. వేటకు వెళ్ళినవాళ్ళు వెంటనే తిరిగి రావాలని.”

“అది ప్రసారమవుతోందా?”

“మీరే వినండి సార్. నా మాట చెల్లదు.”

విశ్వభూషణరావుగారు ఒక శుద్ధశ్రవణి మీదికి వంగి చెవి పెట్టారు. ఇందుమతిగారు రెండోదాని మీదికి వంగారు. అద్దం అవతల హైమావతి “మళ్ళీ చెబుతున్నాను” అంటోంది. అద్దంలోంచి మాట రాదు గాని పెదవులు తెలుస్తున్నాయి. ఇద్దరు అధికారులూ పది నిమిషాలు వంగే ఉన్నారు. తర్వాత విశ్వభూషణరావుగారు నడుం పట్టుకుని లేచారు.

“కావడం లేదు.”

“లేదు సార్,” అన్నారు ఇందుమతిగారు. “రొద కూడా లేదు.”

“నూటికి నూరు. రాసుకోండి.”

కిటికీ దగ్గరికి వెళ్ళి ఆయన సముద్రం వంక చూశారు. మసక వెలుతురు ఇంకా ఉంది. దగ్గర్లో వేట చేస్తున్న పది పన్నెండు బోట్లు కనబడుతున్నాయి. ఒకటి ఒడ్డు వైపు తిరిగింది. దాని వెనకాల ఇంకొకటి. చూస్తుండగానే అన్నీ తిరిగాయి.

“అవెందుకు తిరిగి వస్తున్నాయి?”

“వార్త విన్నారండి,” అన్నాడు నరసయ్య.

“ఏ వార్త? ప్రసారం లేదని ఇప్పుడే కదా నిర్ధారించాం!”

నరసయ్య బల్ల మీది శుద్ధశ్రవణుల వైపు చూపించాడు. అద్దం అవతల హైమావతి కాగితం దించి ఇటు చూస్తోంది. విశ్వభూషణరావుగారు బోట్లను చూశారు, పచ్చదీపాలను చూశారు, మళ్ళీ బోట్లను చూశారు. ఆయన మొహం వెలిగింది.

“ఇందుమతిగారూ, పెన్ను తీయండి. ‘ప్రసారముతో నిమిత్తము లేకుండా సమాచారమును శ్రోతలకు చేరవేసిన తొలి కేంద్రముగా దీనిని గుర్తించవలెను. ఈ విధానమును మిగిలిన కేంద్రములకు విస్తరించు అవకాశమును పరిశీలించవలెను.’ ఇక రెండో దశ అవసరమే లేదు. ట్రాన్స్‌మిటరు ప్రతిపాదన ఉపసంహరించండి.”

“తప్పకుండా సార్.”

కారు మెట్ట దిగింది. హైమావతి బయటకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఇద్దరూ సముద్రం వైపు చూశారు. దానయ్య బోటు ఈ బోట్లలో లేదు. అది ముప్పై మైళ్ళ అవతల ఉంది. విన్నాడో లేదో చెప్పే గడి ఏ ఫారంలోనూ లేదు.

మర్నాడు ఉదయం గాలి లేచింది. నరసయ్య ఆరింటికే మెట్ట ఎక్కి కూర్చున్నాడు. ఏడుంబావుకు అతని ఫోను మోగింది.

“నరసయ్య బాబూ, సిగనలు అందింది. ఒడ్డుకు వచ్చెత్తన్నాం. అయిదుగురవీ బాగున్నాం.”

నరసయ్య లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

“నిన్న గరగర జాస్తిగుంది బాబూ,” అన్నాడు దానయ్య. “మిసను బాగుందా?”

“బాగుంది,” అన్నాడు నరసయ్య. “కబురు తెలిసిందా లేదా?”

“తెలకేటి? ఆయమ్మ మూడుసార్లు సెప్పింది కదా.”

ఫోను పెట్టేసి నరసయ్య నిన్నటి దినచర్య ఫారం తీశాడు. ఆటంకం, అయిదు. రొద, అయిదు. ఊగిసలాట, అయిదు. శ్రోతల అభిప్రాయం అని కింద కొత్తగా ఒక గీత ముద్రించారు. దాని మీద ‘ఫిర్యాదు లేదు’ అని రాసి, సంతకం పెట్టాడు.